పిన్ని కత్తిరించిన మంచు

మా మనవరాలి బళ్ళో చలికాలం మీద ఏదో ఒకటి కాయితంతో చేసి తెమ్మన్నారు. ఇంట్లో పెద్దవాళ్ళు సాయం చెయ్యవచ్చట. ఆ కబురు నా కూతురి ఫోనుకొస్తే, అది ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ నా నెత్తిన పడేసి పోయింది. ఇక చూడండి, మధురవాడలో ఒక ఫ్లాటు, డిసెంబరైనా ఫ్యాను వేసుకుంటే తప్ప కూర్చోలేని మధ్యాహ్నం, ఆ ఫ్యాను గాలికి ఎగిరిపోతున్న తెల్ల కాయితాలని మోచేత్తో అదిమి పట్టుకుని నేనూ, ఒకటో తరగతి పిల్లా మంచు తయారు చెయ్యడానికి కూర్చున్నాం.

ఫోన్లో ఒకావిడ చకచకా మడతలు పెట్టి చూపిస్తోంది. నేను ఆవిడని చూడకుండానే కాయితం తీసుకుని మడతపెట్టాను. మూల మీద మూల, ఆ త్రికోణం మళ్ళీ సగానికి, దాన్ని అటొక రెక్క ఇటొక రెక్క మూడు పొరలుగా. "అమ్మమ్మా, ఆవిడ అలా చెయ్యట్లేదు" అంది పిల్ల. "నాకు తెలుసులే" అన్నాను. నాకు తెలిసినా నా బొటనవేలికి తెలియలేదు. కీలు పట్టేసింది. పైగా ఇంట్లో ఉన్నది పిల్లల కత్తెర, చేతులు కోసుకోకూడదని ప్లాస్టిక్‌తో చేసినది. అది పొరలు పొరలుగా ఉన్న కాయితాన్ని కోయడం మానేసి నమలడం మొదలుపెట్టింది. జిగురు గొట్టం మూత తీసిపెట్టేస్తే ఎండిపోయి ఉంది. పిల్ల విసుగెత్తి లేచిపోయింది. సాయంత్రం నా కూతురు వచ్చి, నేల మీద ముక్కల్ని చూసి, నన్ను చూసి, ఫోను తీసి ఏదో నొక్కింది. తెల్లారేసరికి మెరుపులు అద్దిన రెడీమేడ్ మంచు పూలు ఒక ప్యాకెట్టు గుమ్మంలోకి వచ్చి పడ్డాయి. అవే బడికి వెళ్ళాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కలు ఊడుస్తూ, ఆ మడత నా వేళ్ళకి ఎక్కడ పట్టుబడిందో తల్చుకుంటే ఇంకా మండింది.

నా చిన్నప్పుడు ఇదే ఊళ్ళో, వన్‌టౌన్‌లో కొండ వాలు మీద ఉండేది మా అద్దిల్లు. కింద రెండు గదులు, పైన డాబా. డాబా ఎక్కితే ఒక పక్కన ఫిషింగ్ హార్బర్‌లో పడవల కొమ్ములు, ఇంకో పక్కన పోర్టు క్రేన్లు, ఎదురుగా సముద్రం. లోపలికి రావడానికి చోటు దొరకని ఓడలు ఆ సముద్రంలో దూరంగా లంగరేసుకుని నిలబడి ఉండేవి. పొద్దున్న గాలి హార్బర్ వైపు నుంచి వీస్తే ఇంటినిండా చేపల వాసన, డీజిలు వాసన. గాలి తిరిగితే పోర్టు దుమ్ము. ఓడల్లోకెత్తే ఇనప ఖనిజం ఎర్రగా, మెత్తగా, కుంకుమ చల్లినట్టు వచ్చి వాలేది. ఆ వీధిలో తెల్లబట్ట కట్టుకున్నవాళ్ళు ఎవరూ నాకు గుర్తులేరు. కట్టుకున్నా అది తెల్లగా ఉండేది కాదు.

నాన్న పోర్టులో కళాసీ. నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాన్న, ఓడ మీద ఇంజను గదిలో నూనె పెట్టే పని చేసేవాడు. పెళ్ళయిన కొద్ది రోజులకే ఓడెక్కేశాడు. ఆనందపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన మా పిన్ని, మొగుడితో కన్నా ఎక్కువగా అత్తగారితోనూ, తోటికోడలితోనూ, నాతోనూ కాపురం చేసింది. వాళ్ళది పూలతోట. ఆవిడ వేళ్ళు ఊరికే ఉండేవి కావు. దారం దొరికితే దారం, కొబ్బరీనె దొరికితే కొబ్బరీనె, ఏదో ఒకటి అల్లుతూ, ముడివేస్తూ ఉండేది. మాట తక్కువ. అమ్మ రోజంతా వంటింట్లో మాట్లాడుతూనే ఉండేది కాబట్టి ఇద్దరికీ బాగానే సరిపోయింది.

చిన్నాన్న ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు, భోజనాలయ్యాక చాప మీద పడుకుని చలిదేశాల కబుర్లు చెప్పాడు. నాయనమ్మ తేగలు చీల్చి పెడుతోంది. అందరం నముల్తూ వింటున్నాం.

"ఆ పోర్టులో మంచు పడతాదమ్మా. పిండి జల్లించినట్టు పడతాది. రోడ్డు నేదు, ఇల్లు నేదు, అంతా తెలుపే. బయటికెల్తే సెవులు ఊడిపోతాయి. మరి ఆల్లేటి సేత్తారో తెలుసా. ఇంట్లో కూకుని కాయితాలు కత్తిరించి, ఆ మంచు పువ్వుల్లాగే సేసి, కిటికీల నిండా కడతారు."

"బయటంతా ఉన్నదాన్నే మల్లీ ఇంట్లో కట్టుకుంటారేటి" అంది నాయనమ్మ. "పనినేదా ఆల్లకి."

"సూడ్డానికి బాగుంటాదే" అని నవ్వి, కొత్త చొక్కాతో వచ్చిన పల్చటి తెల్ల కాయితం తీసుకుని, మడిచి, నాయనమ్మ వక్కలు కత్తిరించే అడకత్తెరతో నాలుగు గాట్లు పెట్టి విప్పాడు. పువ్వు. ఆరు రేకుల పువ్వు. మధ్యలో కన్నాలు కన్నాలుగా వెలుతురు. దాన్ని నా చేతిలో పెట్టి, "మనింట్లో కూడా అలా కట్టుకుంటే ఎంత బాగుంటాదో" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు. గుమ్మం పక్కన కూర్చున్న పిన్ని విన్నది.

తరవాతి చలికాలం, నాన్న పని నుంచి వస్తూనే కబురు తెచ్చాడు. చిన్నాన్న ఓడ మన పోర్టుకే వస్తోంది, ఖనిజం ఎత్తుకోవడానికి. ఓడ మనవూరికి రావడం అదే మొదటిసారి. అమ్మ వెంటనే ఏం వండాలో మొదలుపెట్టింది. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంది. మర్నాడు మధ్యాహ్నం పిన్ని నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

"ఆయన సెప్పేరు గదే, కాయితం పువ్వులు. నీకు మడత గుర్తుందా."

"ఉంది" అన్నాను. లేదు.

కాయితం కోసం మొదలైంది అవస్థ. కొట్లో దొరికే తెల్ల కాయితం అట్టలా ఉంది, మడత పడదు. పిన్నికి ఆలోచన వచ్చింది. చీరల పెట్టెల్లో, మడతల మధ్య పల్చటి తెల్ల కాయితం పెట్టి ఇస్తారు. అమ్మ పెళ్ళి చీరల పెట్టెలోది ముందు పోయింది. తరవాత నేను వీధిలో ఇంటింటికీ వెళ్ళి, "అత్తా, మీ చీరలు సూత్తాను" అనడం, చూస్తున్నట్టు చూసి కాయితం లాగేసి గౌనులో దోపుకోవడం. ఒకావిడ పట్టుకుంది. నాకు దెబ్బలు పడతాయనుకుంటే, సంగతి చెప్పాక, దాచుకున్నవి ఇంకో రెండు తెచ్చి చేతిలో పెట్టింది. ఆ కాయితాల కర్పూరం వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

కాయితం వచ్చింది గాని పువ్వు రాలేదు. మడిచి కత్తిరిస్తే నాలుగు ముక్కలై చేతిలోకి రాలింది. ఇంకోటి మడిస్తే అయిదు రేకులూ ఒక తోకా వచ్చాయి. ఇంకోటి అచ్చం చిరిగిన రుమాలులా ఉంది. పిన్ని ప్రతిదాన్నీ విప్పి, కాసేపు చూసి, పక్కన పెట్టేది. ఏమీ అనేది కాదు. ఆ అనకపోవడమే నాకు భరించలేనట్టు ఉండేది.

"నీకు గుర్తుందన్నావు" అంది చివరికి.

"గుర్తుంది. నువ్వే తప్పు కత్తిరిస్తన్నావు."

"మరి నువ్వు కత్తిరించు."

నేను కత్తిరించాను. కాయితం రెండుగా ఊడింది. కోపం పట్టలేక దాన్ని ఉండచేసి గోడకేసి కొట్టాను. పిన్ని ఆ ఉండ తీసి, ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా సాపు చేసింది. "సినిగింది వారగా సినిగింది సూడు. మడత మద్దె నుంచి రావాల. మద్దెన కొయ్యకూడదు" అంది. పూలతోటలో పెరిగిన మనిషి కదా, రేకుకి మొదలెక్కడో కొస ఎక్కడో ఆవిడకి వేళ్ళతోనే తెలుసు. ఆ సాయంత్రానికి ఒకటి విచ్చుకుంది. ఆరు రేకులు. పిన్ని దాన్ని కిటికీకెదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఆవిడ మొహం మీద కన్నాల నీడ పడింది.

నాయనమ్మకి ఈ వ్యవహారం మొదట్నుంచీ నచ్చలేదు. "సామంతిపూల కాలంలో కాయితం పువ్వులేటే. మీ అయ్యకి కబురెడితే బుట్టలు బుట్టలు దించడూ" అనేది. కాని మైదా జిగురు ఆవిడే ఉడికించి పెట్టింది. ఆ జిగురులో చక్కెర వేసుకుని నేను సగం తినేస్తుంటే, బొద్దింకలు పట్టకుండా అని మైలుతుత్తం కలిపేసింది. విషం, నాకకు అని నా వేళ్ళ మీద ఒకటి కొట్టింది. దానితో జిగురు నీలంగా మారి, పువ్వులన్నిటికీ అంచుల్లో నీలం అంటుకుంది. నేను ఏడుపు మొహం పెట్టాను. పిన్ని మాత్రం, "మంచు సల్లగా ఉంటాది గదా. నీలంగానే ఉంటాదేమో" అంది.

తోరణాలు పిన్నే కట్టింది. పూలమాల కట్టినట్టు దారానికి వరసగా గుచ్చి, గది ఈ గోడ నుంచి ఆ గోడకి, కిటికీ ఊచలకి, దూలానికి. నాన్న ఒక పొద్దున మమ్మల్ని డాబా మీదికి తీసుకెళ్ళి వేలుపెట్టి చూపించాడు. "అదిగో, నల్లగా పొడుగ్గా. దాని కుడేపు పొట్టిది కాదు, పొడుగుది. అదే తమ్ముడి ఓడ." సముద్రం మీద అగ్గిపెట్టె నిలబెట్టినట్టు ఉంది. ఆ సాయంత్రం ఆఖరి తోరణం కట్టి మేం గుమ్మంలో నిలబడి చూశాం. గది గదిలా లేదు. గాలి వీస్తే అంతా ఒకేసారి చిన్నగా గలగలమంది. నాయనమ్మ కూడా, "బాగానే ఉంది" అంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిన్నాన్న మర్నాడు వచ్చి ఉంటే, నేను ఇదంతా మరచిపోయి ఉండేదాన్నేమో.

రాలేదు. "పోర్టులో బెర్తు కాళీ నేదంట" అన్నాడు నాన్న. ఆ మర్నాడూ అదే మాట. తరవాతా అదే. నాన్న గుమ్మంలో చెప్పులు విప్పడం చూస్తేనే తెలిసిపోయేది. ఓడ కళ్ళెదురుగా ఉంది. మనిషి అందులో ఉన్నాడు. పొద్దున లేచి డాబా ఎక్కితే అక్కడే, మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే అక్కడే, సాయంత్రం దీపాలు పెట్టుకుని అక్కడే. ఎక్కడో పరాయిదేశంలో ఉన్నప్పుడు ఇంత దూరం అనిపించలేదు. అమ్మ కొన్న చేప ఒకనాడు పులుసైంది, ఇంకోనాడు కొన్నది వేపుడైంది, మేమే తినేశాం.

ఈలోగా మా మంచు చెడిపోవడం మొదలైంది. సముద్రపు తేమకి రేకులు వాలిపోయి, తడిబట్టల్లా వేలాడాయి. గాలి తిరిగిన రోజున ఎర్రదుమ్ము వచ్చి వాటి మీద పేరుకుంది. తుడుద్దామని చెయ్యి వేస్తే చిరిగిపోయేవి. మైలుతుత్తానికి కూడా జడవని బొద్దింకలు ఎక్కడినుంచో వచ్చి జిగురున్న చోటల్లా కొరికేశాయి. పిన్ని పాడైనవి తీసేసి కొత్తవి కత్తిరించేది. మళ్ళీ పాడయ్యేవి. మళ్ళీ కత్తిరించేది. నాన్నకి ప్రతిసారీ తోరణం తలకి తగిలేది. "ఇంట్లో నడవడానికి నేదు" అని కసిరేవాడు. అమ్మ, దీపం అంటుకుంటుందని గోల పెట్టేది. నాకూ విసుగొచ్చింది. కత్తెర పట్టుకున్నచోట వేలు కాయకట్టింది. ఆడుకోవడానికి పోతానంటే పిన్ని వద్దనేది కాదు గాని, ఒక్కర్తీ కూర్చుని మడతలు పెడుతుంటే చూడలేక మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. కూర్చున్నందుకు మళ్ళీ కోపం.

పక్కింట్లో చేపలమ్మే ఆవిడ ఉండేది. ఆవిణ్ణి వీధంతా అప్ప అనే పిలిచేవారు. ఒకరోజు గంపదించి గుమ్మంలో కూర్చుని, పిన్ని మొహం చూసి, "మా ఆయన పడవ ఆ ఓడలవేపే ఎల్తాదమ్మా. ఏదైనా ఇత్తే అందిత్తాడు" అంది. పిన్ని మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చడం విన్నాను. ఆ రోజంతా నువ్వులుండలు చేసింది. వాటిని అరిటాకులో చుట్టి, దాని పైన ఒక కాయితం పువ్వు పెట్టి, బట్టలో మూటకట్టింది. నీలం అంటని పువ్వు ఏరింది.

తెల్లవారుజామున అప్ప వెనకాల హార్బర్‌కి వెళ్ళాం. ఐసు దిమ్మలు చెక్కలతో బద్దలు కొడుతున్న చప్పుడు, వేలం కేకలు, కాళ్ళ కింద నీళ్ళూ పొలుసులూ. చల్లగా ఉంది. ఆ ఐసు ముక్కలు పారతో ఎగరేసి చేపల మీద పోస్తుంటే, "మంచు ఇలాగే ఉంటాదేటి" అని పిన్ని నన్ను అడిగింది, నేనేదో చూసినట్టు. అప్ప మొగుడు మూట తీసుకుని బీడీ పళ్ళ మధ్య పెట్టుకుని, "ఇత్తాన్లే" అన్నాడు.

మధ్యాహ్నం దాకా గట్టు మీద వలలు కుట్టేవాళ్ళ పక్కన కూర్చున్నాం. పడవ వచ్చింది. మూట ఆయన చేతిలోనే ఉంది.

"దగ్గరికెల్లేనమ్మా. కేకేసేను. పైనుంచి తాడేసేరు. కెరటానికి పడవ నిలబడదు, తాడందదు. ఇంకా దగ్గరికెల్తే ఓడకేసి కొట్టేత్తాది. తిరిగొచ్చేసేను."

"ఆయన కనపడ్డారా" అంది పిన్ని.

"ఎవుడో సెయ్యూపేడు. మీ ఆయనో కాదో నానెరగను. అంత ఎత్తు మీద అందరూ ఒకలాగే ఉంటారు."

పిన్ని మూట విప్పింది. పువ్వు ఉప్పునీళ్ళకి ముద్దయి, ఉండలకి అతుక్కుపోయింది. ఇంటికి నడుస్తూ ఆ ఉప్పగా మారిన నువ్వులుండలు నేనే తిన్నాను. కాయితం పీచు పళ్ళలో ఇరుక్కుంది. ఇంటికొచ్చాక అమ్మ అడిగితే పిన్ని, "సెయ్యూపేరంట" అంది. ఎవుడో అన్న మాట చెప్పలేదు. నేను చెప్పబోతే నా వైపు చూసింది, అంతే.

తరవాత వాయుగుండం వచ్చింది. ముసురు. గదిలో గోడలు చెమర్చి, తోరణాలు సగానికి సగం తెగి పడ్డాయి. చీర కాయితం అయిపోయింది. పిన్ని అట్టలాంటి తెల్ల కాయితమే కొనుక్కొచ్చి, దాన్నే మడవడం నేర్చుకుంది. కత్తెర దిగక వేళ్ళు బొబ్బలెక్కాయి. "ఇంక సాల్లే పిన్నీ, ఆయనొచ్చేక కడదాం" అన్నాను. "ఒచ్చేక ఇంకెప్పుడు" అంది, తలెత్తకుండా.

ముసురు తగ్గాక ఒక పొద్దున డాబా ఎక్కితే ఓడ ఉన్నచోట లేదు. నాన్న కబురంపాడు. లోపలికి తెచ్చారు, బెర్తు దొరికింది, మధ్యాహ్నానికి వస్తాడు.

వచ్చాడు. నాకు జ్ఞాపకమున్న చిన్నాన్న కాదు. గడ్డం మాసి, కళ్ళు లోపలికి పోయి, ఒంటినిండా నూనె వాసన. ముసురులో ఇంజను ఏదో మొరాయించిందట, నిలబడి పనిచేశారట, పడుకుని ఎన్నాళ్ళయిందో అన్నాడు. పొద్దు గూకేలోపు వెళ్ళిపోవాలి, రేపే ప్రయాణం అన్నాడు. నాయనమ్మ మొహం తడిమి తడిమి ఏడ్చింది. అమ్మ నెత్తళ్ళ చేపల పులుసు పోసింది. మాట లేకుండా, తల వంచుకుని, ఆబగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని గదిలోకెళ్ళాడు.

నేను వెనకాలే వెళ్ళాను. పిన్ని అప్పటికే లోపల నిలబడి ఉంది, తలలో చామంతులతో. గదినిండా ఆవిడ కట్టిన తోరణాలు. కొన్ని పల్చటివి, కొన్ని మందపాటివి, కొన్ని ఎర్రగా, కొన్ని నీలంగా, అయినా పువ్వులే. చిన్నాన్న ఆవిడని చూసి నవ్వాడు. మంచం మీద కూర్చుని ఏదో అనబోయాడు. అలా అంటూనే పక్కకి ఒరిగి నిద్రపోయాడు. గోడవైపు తిరిగి.

నేను గుమ్మంలో కూర్చున్నాను. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు చూస్తాడు. లేవలేదు. కావాలని గిన్నె పడేశాను. నాయనమ్మ వచ్చి తొడపాశం పెట్టింది. "పిన్నీ, లేపు" అన్నాను గుసగుసగా. ఆవిడ తల అడ్డంగా ఊపింది. మంచం పక్కన నేల మీద కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉంది. ఆ గాలికి పైన పువ్వులు కదులుతూనే ఉన్నాయి. ఎండ కిటికీలోంచి నేలమీదికి, నేలమీంచి గోడమీదికి పాకింది.

నాన్న వచ్చి కేకేస్తే ఉలిక్కిపడి లేచాడు. పొద్దు వాలిపోయింది. కంగారుగా చొక్కా తొడుక్కుని గుమ్మంవైపు రెండడుగులు వేశాడు. తోరణం ఒకటి మొహానికి తగిలింది. "అడ్డంగా ఏటివి" అని చేత్తో పక్కకి తోశాడు. దారం తెగింది. ఆయన వంగి చూడలేదు. నాయనమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి, నా తల నిమిరి, పిన్ని వైపు తిరిగి, "జాగర్త" అన్నాడు. వెళ్ళిపోయాడు.

ఓడ మర్నాడు వెళ్ళిపోతుంటే నాన్నా, నాయనమ్మా, నేనూ డాబా మీద నిలబడి చూశాం. పిన్ని పైకి రాలేదు. నేను కిందికి దిగేసరికి పెరట్లో నీళ్ళపొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తోరణాలన్నీ తెంపి పక్కన కుప్పగా పోసుకుంది. చేరెడు చేరెడు తీసి పొయ్యిలో పెడుతోంది. నేను పరిగెత్తుకెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని గుంజాను. ఏడ్చాను. నా వేళ్ళు కూడా కాయకట్టాయి, సగం నావి, ఎలా కాల్చేస్తావన్నాను.

"నీళ్ళు కాగాల గదే" అంది పిన్ని. ఆ గొంతులో కోపం గాని, ఏడుపు గాని ఉంటే నాకు బాగుండేది. ఏమీ లేవు. మైలుతుత్తం అంటిన అంచులు ఆకుపచ్చగా మండి, నల్లబడి, పైకెగిరాయి.

ఆ కోపం నాతో చాలా ఏళ్ళుంది. చిన్నాన్న మీద. ఏ ఇంట్లోనైనా, ఎవరైనా వండి పెట్టింది మాట లేకుండా తినేసి లేచిపోతే, ఆ మధ్యాహ్నమే గుర్తొచ్చేది. నా పెళ్ళయ్యాక మా ఆయన ఆ కోపానికి చాలాసార్లు గురయ్యాడు, కారణం తెలియకుండా.

తరవాత చిన్నాన్న ఓడ పని మానేసి కంచరపాలెంలో స్టవ్వులు, మిక్సీలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. వెనకాలే ఇల్లు. ఇద్దరు పిల్లలు. ఓడ దిగిన మనిషితో పిన్ని రోజూ దెబ్బలాడేది. కూరలో ఉప్పు గురించి, తువ్వాలు గురించి, రైలు చప్పుడుకి తలుపు వెయ్యలేదని. మాట తక్కువ మనిషనుకున్న పిన్ని అంత మాట్లాడగలదని నాకు తెలియదు. ఒకసారి వెళ్ళినప్పుడు, ఇద్దరికీ జుట్టు నెరిసిపోయింది అప్పటికి, దుకాణంలో బల్ల మీద కూర్చుని టీ తాగుతూ నేను ఉండబట్టలేక అడిగేశాను.

"సిన్నాన్నా, వన్‌టౌన్ ఇంట్లో నీ కోసం గదంతా కాయితం పువ్వులు కట్టేం. గుర్తుందా."

ఆయన స్క్రూడ్రైవరు ఆపి, నిజంగానే ఆలోచించాడు. "పువ్వులేటే."

"ఓడ సముద్రంలో ఆపేసేరు చూడు. ఆ తరవాత నువ్వొచ్చి పడుకున్నావు."

"ఆ రోజు వదిన నెత్తళ్ళ పులుసెట్టింది. అలాటి పులుసు మల్లీ ఎక్కడా తిన్నేదు." ఇంకా కాసేపు వెతుక్కుని తల ఊపాడు. "పువ్వులు గుర్తు నేవు."

ఇన్నేళ్ళ కోపమూ ఒక్కసారి మీదికొచ్చింది. చీరల పెట్టెలు, బొబ్బలెక్కిన పిన్ని వేళ్ళు, మూట, అన్నీ ఏకరువు పెట్టడం మొదలుపెట్టాను. నా గొంతు పెరిగింది. లోపల్నించి పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి చేరబడింది.

"ఆయన్నెందుకే అంటావు" అంది. "అవి ఆయన కోసం అనుకున్నావేటి."

"మరెవరి కోసం."

"మొదట ఆయన కోసమే. తరవాత కాదు. ఆ ఓడ పొద్దల్లా కనపడతానే ఉంటాది గదే. బట్టలారేత్తే కనపడతాది, బియ్యమేరితే కనపడతాది. సూత్తా కూకుంటే పిచ్చెక్కిపోదా నాకు. సేతిలో కత్తెరుంటే కళ్ళు కిందకుంటాయి. అందుకు కత్తిరించేను. ఆయనొచ్చి పడుకున్నాడు, నాకు కనపడతన్నాడు, ఊపిరి తీత్తన్నాడు. ఇంక ఆ పువ్వులతో నాకు పనేటి."

ఇన్నాళ్ళూ ఎవరి తరఫున కోప్పడ్డానో ఆవిడకే ఆ కోపం అక్కర్లేదు. అది నాకు ఇంత ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు నేను ఏడుస్తుంటే ఒక్క మాట చెప్పి ఉండవచ్చు కదా అని ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. పదేళ్ళ పిల్లకి అది ఎలా చెప్పడం. చెప్పినా నాకేం అర్థమయ్యేది.

చిన్నాన్న స్క్రూడ్రైవరు పక్కన పెట్టి తన టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "నాకెప్పుడూ సెప్పలేదేటి" అన్నాడు.

"నువ్వెప్పుడు అడిగేవు" అంది పిన్ని. అని, ఆయన చేతిలో గ్లాసు తీసుకుని, టీ చల్లారిపోయిందని గొణుక్కుంటూ, వేడి చెయ్యడానికి లోపలికి వెళ్ళింది.